మూడో ప్రశ్నకు జవాబు: కొరియాలో ఏడు రోజులు

మా తైక్వాండో క్లాసులో ఎల్లో బెల్ట్ పరీక్షకు వచ్చే పిల్లలకు చిన్న థియరీ పేపర్ ఇస్తాను. అందులో మూడో ప్రశ్న: "తైక్వాండో ఎన్ని సంవత్సరాల నాటిది?" జవాబు: "రెండు వేల సంవత్సరాలు." చిన్నప్పుడు నేను రాసిన జవాబు అదే. విజయవాడలో పద్దెనిమిదేళ్లుగా పిల్లల చేత రాయిస్తున్నదీ అదే. పోయిన ఏడాది తొమ్మిదో తరగతి పాప ఒకతె పేపర్ ఇచ్చేసి వెళ్తూ ఆగింది. "సార్, తైక్వాండో అనే పేరు 1955లో పెట్టారని రెండో ప్రశ్నలో ఉంది కదా. మరి అంతకుముందు దాన్ని ఏమనేవాళ్లు?" అని అడిగింది. ఏదో చెప్పాను. తల ఊపింది గానీ నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

ఆ రాత్రి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ టెన్షన్ పెరిగింది. చివరికి అక్టోబరులో, దాచుకున్న డబ్బు తీసి కొరియా బయల్దేరాను. సువన్‌లో పీహెచ్‌డీ చేస్తున్న మా పిన్ని కొడుకు తోడుంటాడన్నదే ధైర్యం.

మొదటి రోజు: సియోల్

గంగ్నమ్ స్టేషన్‌లో దిగి, అద్దాల భవనాల మధ్య నుంచి కాస్త ఎత్తు ఎక్కితే కుక్కివన్, తైక్వాండో ప్రధాన కార్యాలయం. పాతకాలపు పెంకుల కప్పు ఆకారంలో పైకప్పు. నా బ్లాక్ బెల్ట్ సర్టిఫికెట్ మీద ఉన్న పేరు ఇదే. గేటు దగ్గర నిలబడగానే కళ్లు చెమర్చాయి. లోపల పిల్లలెవరో "హనా, తుల్, సెత్" అని లెక్క పెడుతుంటే, మా మునిసిపల్ గ్రౌండ్‌లో పొద్దున్నే వినిపించే కేకలే అనిపించాయి.

ఈ భవనం 1972 నవంబర్ 30న ప్రారంభమైంది. అంటే మా నాన్న కంటే చిన్నది. అంతకు ముందు ఏడాదే అప్పటి అధ్యక్షుడు పార్క్ చుంగ్-హీ "జాతీయ క్రీడ తైక్వాండో" అని తన చేత్తో రాసిచ్చాడు. ఆ తరువాత 1973లో ప్రపంచ సమాఖ్య, 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన, 2000లో సిడ్నీలో పతకాల క్రీడ. ఈ వరసంతా నాకు కంఠతా వచ్చు. నేను వెతుక్కుంటూ వచ్చింది దాని వెనక సంగతి.

ఆ వెనక సంగతి ఇది. 1944లో సియోల్‌లో లీ వన్-గుక్ అనే ఆయన చుంగ్‌డో క్వాన్ పెట్టాడు. క్వాన్ అంటే శిక్షణశాల. ఆయన జపాన్‌లో చదువుకునేటప్పుడు షోటోకాన్ కరాటే గురువు ఫునాకోషి గిచిన్ దగ్గర నేర్చుకున్నాడు. సోంగ్‌ము క్వాన్ పెట్టిన రో బ్యుంగ్-జిక్ కూడా ఫునాకోషి శిష్యుడే. మరొక క్వాన్ గురువు యూన్ బ్యుంగ్-ఇన్ మంచూరియాలో చైనా విద్య, జపాన్‌లో తోయామా కాంకెన్ దగ్గర కరాటే నేర్చినవాడు. 1945లో జపాన్ పాలన పోయాక ఇలాంటి క్వాన్‌లు ఒకటొకటిగా పెరిగాయి. అప్పుడు వాళ్లు నేర్పేదాన్ని ఏమనేవారు? తాంగ్సుడో, లేదా కొంగ్సుడో. "కరాటే" అనే మాటను జపనీయులు రెండు రకాల అక్షరాలతో రాసేవారు. ఒకదానికి చైనా చేయి అని, మరోదానికి ఖాళీ చేయి అని అర్థం. ఆ అక్షరాలనే కొరియా ఉచ్చారణలో చదివితే ఈ రెండు పేర్లూ వస్తాయి.

మా పాప అడిగిన ప్రశ్నకు జవాబు అంతే. విజయవాడలో ఆ రోజే చెప్పి ఉండాల్సిన జవాబు.

పేరు మార్పిడికి ఒక కథ ఉంది. 1954లో సైనికుల ప్రదర్శన చూసి అధ్యక్షుడు సింగ్‌మన్ రీ "ఇది మన తెక్యన్ కదా" అన్నాడట. తెక్యన్ పాత కొరియా కాలి ఆట. దానికి దగ్గరగా వినిపించే పేరు కోసం వెతికి, జనరల్ చోయ్ హాంగ్-హి "తైక్వాండో" అనే మాటను సూచించాడు. చోయ్ చెప్పుకున్న కథ ఇది. ఆయన కూడా జపాన్‌లో కరాటే నేర్చినవాడే. ఆయన 1966లో అంతర్జాతీయ సమాఖ్య పెట్టాడు. 1972లో ప్రభుత్వంతో పడక కెనడా వెళ్లిపోయాడు, తరువాత ఈ విద్యను ఉత్తర కొరియాకూ తీసుకెళ్లాడు. దాంతో దక్షిణ కొరియా అధికారిక చరిత్రలో ఆయన పేరు చాలాకాలం వినపడలేదు.

రెండో రోజు: సాజిక్-డోంగ్

రాజభవనాలకు పడమర వైపు, ఇన్వాంగ్సాన్ కొండ పాదాల దగ్గర సాజిక్-డోంగ్ అనే పేట ఉంది. సన్నటి సందులు, ఎత్తు ఎక్కే మెట్లు. సాంగ్ డుక్-గి ఇక్కడివాడు. 1893లో పుట్టాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఇమ్ హో అనే గురువు దగ్గర తెక్యన్ నేర్చుకున్నాడు. జపాన్ పాలనలో ఆ ఆట దాదాపు మాయమైపోయాక, అది ఒంట్లో మిగిలి ఉన్న కొద్దిమందిలో చివరివాడిగా నిలిచాడు. 1987 దాకా బతికాడు.

ఆయన విల్లు కూడా ఎక్కుపెట్టేవాడు. ఆ విలువిద్య మైదానం హ్వాంగ్‌హాక్‌జంగ్ ఈ కొండవాలునే ఉంది. 1898లో రాజు గోజోంగ్ పెట్టించినది, 1922లో ఇక్కడికి మార్చారు. నేను వెళ్లేసరికి పెద్దవాళ్లు నలుగురైదుగురు నిశ్శబ్దంగా బాణాలు వేస్తున్నారు. లోయకు అవతల గురిపలక. బాణం వదిలాక ఎంతసేపటికో "టక్" అని చప్పుడు. ఒక పెద్దాయనకు ఫోన్‌లో తర్జుమా చేసి సాంగ్ డుక్-గి పేరు చూపించాను. ఆయన ముఖం వెలిగింది. కొండ మీద చెట్ల వైపు చూపించి, అరచేత్తో తన మోకాలి ఎత్తు కొలిచి, కాలు ఇలా ఎగరేశాడు. ఫోన్‌లో వచ్చిన వాక్యం: "పేటలవాళ్లు ఆడుకునేవాళ్లు."

ఆ మాట నా మనసులో నాటుకుంది. తెక్యన్ గురించి గట్టి ఆధారాలన్నీ ఈ ఆట దగ్గరకే చేరుస్తాయి. 1798 నాటి 'జేముల్‌బో' అనే నిఘంటువులో "తక్యన్" అన్న మాట కనిపిస్తుంది. 1895లో అమెరికా పరిశోధకుడు స్టీవర్ట్ క్యూలిన్ కొరియా ఆటల గురించి రాస్తూ దీన్ని ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కాళ్లతో పడగొట్టుకునే ఆటగా వర్ణించాడు. ఊరి కుర్రాళ్లు, పై పేట, కింది పేట, పందెం, కేకలు. రాజుల కాలపు రహస్య యుద్ధవిద్య అని పోస్టర్ల మీద కనిపించే మాటకు అందులో చోటు లేదు. అలాగని నాకు అది చిన్నదిగా అనిపించలేదు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పీర్ల పండక్కి కర్రసాము తిప్పినవాళ్లు కూడా ఏ రాజు సైన్యంలోనూ పనిచేయలేదు. అయినా ఆ కర్ర తిరిగే వేగం ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది.

మూడో రోజు: సువన్

ఈ రోజు గురించి ఎక్కువ రాస్తాను. నా ప్రయాణం ఇక్కడే మలుపు తిరిగింది.

తమ్ముడు స్టేషన్‌కి వచ్చి తీసుకెళ్లాడు. ఊరి మధ్యలో హ్వాసంగ్ కోట, 1794 నుంచి 1796 వరకు కట్టింది, గోడ దాదాపు ఆరు కిలోమీటర్లు. కట్టించిన రాజు జంగ్జో. ఆయన తండ్రి, యువరాజు సాడో, 1762లో సొంత తండ్రి ఆజ్ఞతో బియ్యం పెట్టెలో బంధించబడి చనిపోయాడు. కొడుకు రాజయ్యాక తండ్రి సమాధిని ఈ ప్రాంతానికి మార్చి, పక్కనే కోటా ఊరూ కట్టించాడు.

రాజవిడిది ముందు సోమవారం తప్ప రోజూ ఉదయం 11 గంటలకు ఇరవైనాలుగు యుద్ధవిద్యల ప్రదర్శన జరుగుతుంది. జనం తాడు వెనక నిలబడ్డారు. డప్పు మోగింది. ముందు ఈటెలు, తరువాత నెలవంక కత్తి. నాంగ్‌సన్ అనే ఆయుధాన్ని చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను. కొమ్మలు నరకని పొడవాటి వెదురు, శత్రువు కత్తి దగ్గరికి రాకుండా అడ్డం తిప్పుతారు. గడ్డి కట్టలను ఒక్క వేటుకు నరుకుతుంటే ముందు వరసలో కూర్చున్న పిల్లల మీద గడ్డి రాలింది.

ఈ ఇరవైనాలుగూ 1790లో జంగ్జో రాయించిన 'ముయే దోబో తోంగ్జి' అనే గ్రంథంలోవి. యీ డక్-ము, పాక్ జే-గా అనే పండితులు, బేక్ డోంగ్-సు అనే వీరుడు కలిసి చేసిన బొమ్మల పుస్తకం. దానికి ముందు 1598లో ఆరు విద్యలతో ఒకటి, 1759లో సాడో పర్యవేక్షణలో పద్దెనిమిదితో ఒకటి వచ్చాయి. కొడుకు మరో ఆరు కలిపాడు. తండ్రి మొదలుపెట్టిన పనిని కొడుకు పూర్తి చేశాడు.

అసలు ఈ పుస్తకాలు ఎందుకు పుట్టాయి? 1592లో జపాన్ దండెత్తినప్పుడు కొరియా సైన్యం విల్లులో గట్టిది, దగ్గరి పోరులో తేలిపోయింది. సాయానికి వచ్చిన చైనా సేన దగ్గర చీ జిగువాంగ్ అనే సేనాని పుస్తకం ఉంది. అందులోవి నేర్చుకున్నారు. నాంగ్‌సన్ అక్కడిదే. చేతి విద్య గురించిన క్వన్‌బప్ అధ్యాయానికీ మూలం ఆయనే. జపాన్ కత్తిసాముకు ఏకంగా వేరే అధ్యాయం ఉంది. సుక్‌జోంగ్ రాజు కాలంలో కిమ్ చే-గన్ అనే సైనికుడు రాయబారుల వెంట జపాన్ వెళ్లి అది నేర్చుకొచ్చాడని కూడా రాశారు. తమ దేశాన్ని తగలబెట్టిన శత్రువు విద్యను, శత్రువు పేరుతోనే పుస్తకంలో పెట్టారు.

కోట గోడ మీద కూర్చుని తమ్ముడితో ఇదంతా చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "అయితే అన్నయ్యా, పాత కొరియన్లు ఎక్కడి నుంచి నేర్చుకున్నారో దాచలేదు. దాచింది కొత్తవాళ్లు. అంతేనా?" అన్నాడు.

అంతే. నేను నెలల తరబడి చదివి పట్టుకోలేకపోయిన దారం అది. రెండు వందల ఏళ్ల కిందట రాజు రాయించిన పుస్తకంలో "ఇది చైనాది, ఇది జపాన్‌ది" అని ఉంది. 1945 తరువాత రాసిన చరిత్రలో "అన్నీ మావే" అని ఉంది. సంప్రదాయం పేరుతో సంప్రదాయానికే లేని అలవాటు తెచ్చారు.

కొత్తవాళ్ల మీద నాకు కోపం రాలేదు. ముప్పై అయిదేళ్లు పరాయి పాలన. ఇంటిపేర్లు కూడా జపాన్ తరహాలోకి మార్చుకోమని ఒత్తిడి. ఆ గాయం పచ్చిగా ఉన్న రోజుల్లో, సియోల్ నడిబొడ్డున బోర్డు కట్టి "ఇది టోక్యోలో నేర్చుకున్నాను" అని ఎవరు చెప్పగలరు? చెప్పలేకపోవడం అర్థమవుతుంది. ఎనభై ఏళ్ల తరువాత కూడా చెప్పకపోవడమే నన్ను బాధపెడుతోంది.

ఇందులో మన వంతు కూడా ఉంది. చైనా కుంగ్‌ఫూ అంతా దక్షిణాది నుంచి వెళ్లిన బోధిధర్ముడే నేర్పాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. నేనూ స్టేజీల మీద చెప్పాను. ఆయన పేరు మీద చలామణీ అయ్యే 'యీజిన్ జింగ్' అనే వ్యాయామ గ్రంథం ఆయనకు వెయ్యేళ్ల తరువాత, పదిహేడో శతాబ్దంలో వెలుగుచూసింది. చైనా చరిత్రకారుడు తాంగ్ హావ్ 1930 ప్రాంతంలోనే ఆ కథను ఖండించాడు.

నాలుగో రోజు: చుంగ్జు

సియోల్ నుంచి బస్సులో రెండు గంటలు. దారంతా కోతకొచ్చిన వరి. గుంటూరు వైపు వెళ్తున్నట్టే ఉంది, కొండలు తీసేస్తే.

బస్సులో చదివిన ఒక సంఘటన రాయాలి. 1170లో కొరియాను ఏలిన గోర్యో వంశపు రాజు ఉయ్‌జోంగ్ విహారానికి వెళ్తూ సైనికుల చేత సుబాక్ అనే చేతి పోటీ ఆడించాడు. ముసలి సేనాని యీ సో-ఉంగ్ ఓడి తప్పుకున్నాడు. అప్పుడు హాన్ రోయ్ అనే ఆస్థాన పండితుడు ఆయన చెంప మీద కొట్టి మెట్ల మీద నుంచి పడేశాడు. ఆ చెంపదెబ్బతో రగిలిన సైనికులు ఆ రాత్రే తిరగబడ్డారు, రాజ్యం సేనానుల చేతుల్లోకి పోయింది. అంటే సుబాక్ నిజంగా ఉంది, 'గోర్యోసా' చరిత్రలో నమోదైంది. కానీ దాని అడుగులు ఎలా ఉండేవో, ఏ దెబ్బలు కొట్టేవారో చెప్పే పాఠం ఏదీ మన దాకా రాలేదు. పేరు మిగలడం వేరు, విద్య మిగలడం వేరు. ఇవాళ సుబాక్ పేరుతో ఎవరైనా నేర్పుతుంటే ఆ పేరు తొమ్మిది వందల ఏళ్లది కావచ్చు, కదలిక కాదు.

చుంగ్జులో తెక్యన్‌కు ప్రత్యేక శిక్షణశాల ఉంది. సాంగ్ డుక్-గి దగ్గర నేర్చుకున్న షిన్ హాన్-సుంగ్ ఈ ఊళ్లో ఉండి, చెల్లాచెదురుగా ఉన్న కదలికలను వరుసలో పెట్టి, పాఠాలుగా చేశాడు. ఆయన శ్రమ వల్లే 1983లో ప్రభుత్వం తెక్యన్‌ను 76వ నంబరు సాంస్కృతిక సంపదగా గుర్తించింది. గురువూ శిష్యుడూ 1987లో, ఒకే ఏడాది పోయారు. 2011లో తెక్యన్ యునెస్కో జాబితాలోకి ఎక్కింది.

వివాదం ఇక్కడా ఉంది. గుర్తింపు కోసం షిన్ అమర్చిన పద్ధతి సాంగ్ నేర్పిన అసలు ఆట కాదని, సాంగ్ దగ్గర నేరుగా నేర్చుకున్న మరికొందరి వాదన. ఇవాళ తెక్యన్‌కు ఒకటి కాదు, నాలుగైదు సంఘాలు. ఒక్క ముసలాయన ఒంట్లోంచి ఇన్ని పాఠాలు వచ్చాయి.

శిక్షణ చూడనిచ్చారు. తెల్లటి వదులు బట్టలు. పాదాలు త్రికోణంలో పడతాయి, మోకాలు వంగి లేస్తుంది, నడుము ఊగుతుంది. "ఇక్కు! ఎక్కు!" అంటూ కేకలు. నా ఇన్నేళ్ల తైక్వాండో ఒళ్లు ఆ అడుగు వేయలేకపోయింది. నేర్పే అమ్మాయి నా భుజాలు పట్టుకుని కిందికి నొక్కి, "వదులు, వదులు" అన్నట్టు సైగ చేసింది. మా విద్యలో అంతా బిగుతు, గీత గీసినట్టు ఉండాలి. ఇది చెరువు మీద పడవలా ఉంది. పుస్తకాల్లో ఎన్ని వాదనలు చదివినా తెగనిది నా కాళ్లకు ఒక్క గంటలో తెలిసిపోయింది. ఈ రెండూ ఒక తల్లి బిడ్డలు కావు.

ఆట నియమం ఒకటి చెప్పింది. పోటీలో ఒక కాలు ముందుకు పెట్టి, ఎదుటివాడికి అందేలా ఉంచాలి. దానికి "తేజప్" అని పేరు. తేజప్ అంటే అతిథి మర్యాద. కొట్టడానికి వచ్చినవాడికి కాలు వడ్డిస్తారన్నమాట. ఆ పేరు పెట్టిన పేటవాళ్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

అయిదో రోజు: ముజు

దేజన్ మీదుగా, బస్సులు మారి. కొండల మధ్య 2014లో తెరిచిన తైక్వాండోవన్, అందులోనే జాతీయ తైక్వాండో మ్యూజియం. విశాలంగా ఉంది, ప్రేమతో కట్టారు. పాత తైక్వాండో దుస్తులు, పతకాలు చూస్తూ మధ్యాహ్నమంతా గడిపాను.

1995లో స్టీవెన్ కాప్నర్ అనే పరిశోధకుడు రాసిన వ్యాసం గుర్తొచ్చింది. తైక్వాండో కరాటే నుంచి వచ్చిందని మొహమాటం లేకుండా రాసినవాళ్లలో ఆయన ఒకడు. ఆ మాటతో పాటే ఇంకొకటి అన్నాడు: కొరియన్లు తయారు చేసిన కొత్త వస్తువు పోటీ. అది నిజమని ప్రతి తైక్వాండో ఆటగాడి కాళ్లకూ తెలుసు. తొలి క్వాన్‌లలో నేర్పిన ప్యొంగాన్ వరసలు ఒకినావా గురువు ఇతోసు అంకో కూర్చిన కరాటే వరసలే. కానీ 1960ల నుంచి ఛాతీకి హోగు అనే కవచం కట్టి, పూర్తి బలంతో తన్నుకుంటూ, గెలవడానికి ఏ తన్ను పనికొస్తుందో వెతుక్కుంటూ వెళ్లిన కుర్రాళ్లు విద్యనే మార్చేశారు. గాల్లో రెండు కాళ్లూ వెంటవెంటనే ఆడించే నారే చాగిని ఏ రాజూ రాయించలేదు, ఏ సన్యాసీ కొండ గుహలో కనిపెట్టలేదు. చెమటతో తడిసిన జిమ్నాజియంలలో పుట్టింది. వాళ్ల పేర్లు మన థియరీ పేపర్‌లో లేవు. రెండు వేల ఏళ్ల కథ వాళ్లను మింగేసింది.

సాయంత్రం దగ్గర్లోనే ఉన్న నాజే తోంగ్‌మున్ చూశాను. రాతిలో తొలిచిన సొరంగ ద్వారం. సిల్లా, బేక్జే రాజ్యాల సరిహద్దు ద్వారమని చెప్పుకుంటారు, పేరుకు అర్థం కూడా అదే. నిజానికి జపాన్ పాలనలో రోడ్డు వేయడానికి తొలిచిన సొరంగం. చేత్తో గోడ తడిమాను, చల్లగా ఉంది. దాని కిందుగా ఒక స్కూలు బస్సు వెళ్లింది.

ఆరో రోజు: డేగు

వాన. హ్యాప్‌కిడో అనే కొరియా యుద్ధవిద్య పుట్టిన ఊరు ఇది. జపాన్ నుంచి తిరిగొచ్చిన చోయ్ యోంగ్-సుల్ పందుల్ని పెంచుకుంటూ బతికేవాడు. 1948లో సారా బట్టీ దగ్గర మేత కోసం జరిగిన గొడవలో నలుగురైదుగురిని తేలిగ్గా పడేస్తుంటే బట్టీ యజమాని కొడుకు సో బోక్-సోప్ కిటికీలోంచి చూసి, పిలిచి, తనకు నేర్పమన్నాడట. దైతోర్యూ అనే జపాన్ పట్ల విద్య గురువు తకెదా సోకాకు దగ్గర ముప్పై ఏళ్లు ఉన్నానని చోయ్ చెప్పాడు. తకెదా శిష్యుల పట్టీలు జాగ్రత్తగా రాసేవాడు. వాటిలో చోయ్ పేరు దొరకలేదు. విద్య మాత్రం దైతోర్యూ కుటుంబానిదేనని పట్లు చూస్తే తెలుస్తుంది. హ్యాప్‌కిడో, ఐకిడో రాసే అక్షరాలు కూడా ఒకటే. చోయ్ అయితే జపాన్‌లో నేర్చుకున్నానని దాచలేదు. ప్రాచీన కొరియా మూలాలు తరువాతివాళ్లు అతికించినవి.

వాన తగ్గలేదు. రూమ్‌లోనే ఉండిపోయాను.

ఏడో రోజు: గ్యంగ్జు

సిల్లా రాజధాని. ఊరి మధ్యలో పచ్చగడ్డి కప్పిన రాజుల సమాధులు, చిన్న చిన్న కొండల్లా. ఇక్కడి హ్వారాంగ్ యువకులు తైక్వాండో సాధన చేశారని మా థియరీ నోట్స్‌లో ఉంది. 1145లో కిమ్ బు-సిక్ రాసిన 'సామ్‌గుక్ సాగి'లో హ్వారాంగ్‌ల గురించి ఉంది. నీతి, సంగీతం, కొండలూ నదుల వెంట తిరగడం, యుద్ధంలో వీరత్వం ఉన్నాయి. కాళ్లతో తన్నే విద్య ఏదీ లేదు.

బస్సులో తోహామ్సాన్ కొండ ఎక్కి, చెట్ల మధ్య మట్టిబాటలో నడిస్తే సొక్‌గురామ్. 751లో మొదలుపెట్టిన రాతి గుహాలయం. అద్దం వెనక బుద్ధుడు. ముందు గదిలో ద్వారానికి అటూ ఇటూ ఇద్దరు వజ్రవీరులు, కొరియాలో గుమ్‌గాంగ్ యొక్సా. ఒక చేయి పైకి, ఒక చేయి కిందికి. ఆ భంగిమే తైక్వాండో ప్రాచీనతకు సాక్ష్యమని పుస్తకాల్లో ఫొటో వేస్తారు. మా పూమ్సేల్లో, అంటే సాధన వరసల్లో, 'గుమ్‌గాంగ్' ఒకటి ఉంది. అందులోని అడ్డుకట్టు వేస్తున్నప్పుడల్లా నా కళ్ల ముందు ఈ బొమ్మే ఉండేది.

చాలాసేపు నిలబడ్డాను. ఒకరి నోరు తెరిచి ఉంది, అది "అ". మరొకరిది మూసి ఉంది, అది "హూం". సంస్కృత బీజాక్షరాలు. వీళ్లు మన వజ్రపాణి వంశం. బౌద్ధంతో పాటు మధ్య ఆసియా, చైనా దాటి ఈ కొండ మీదికి వచ్చినవాళ్లు. కాపలా కాయడం వీళ్ల పని. మన గుడి గుమ్మంలో జయవిజయులు ఒక చేయి ఎత్తి, తర్జని చూపిస్తూ నిలబడతారు. ఆ చేతిని చూసి ఇది ఫలానా సాములో మూడో పట్టు అని ఎవరూ అనరు.

ఎందుకో ఏడుపు వచ్చింది. మోసపోయానని కాదు. శిల్పం అంత అందంగా ఉంది, దాన్ని ఇన్నాళ్లూ ఒక సాక్ష్యం కాగితంలా వాడుకున్నాను. గుమ్‌గాంగ్ పూమ్సే ఇకముందు కూడా వేస్తాను. బొమ్మను చూసి ముచ్చటపడి ఎవరో అల్లిన వరస అనుకుంటే దాని అందం ఏమీ తగ్గదు.

వెనక్కి వెళ్లే బస్సు కోసం చెక్క బల్ల మీద కూర్చుని, బ్యాగులోంచి థియరీ పేపర్ తీశాను. మూడో ప్రశ్న కొట్టేశాను. దాని పైన ఖాళీలో రాశాను: "3. లీ వన్-గుక్ ఎవరు? ఆయన తన విద్యను ఏ దేశంలో, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?" ఇది చాలదనిపించి పక్కన ఇంకొకటి రాశాను: "4. నారే చాగి వేసి చూపించు." దీనికి మూడు మార్కులు.